సూక్ష్మ ఆకుపచ్చ శైవలంలో కొత్త జాతి: దొరికిన రోజు నుంచి పేరు అచ్చయ్యే దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోస్కోప్ కింద ఒక ఆకుపచ్చ కణం కనిపిస్తుంది. పుస్తకంలో ఏ బొమ్మతోనూ సరిపోలదు. ఆ క్షణం నుంచి ఎవరికైనా వచ్చే సందేహాలు దాదాపు ఒకటే, పైగా అదే వరసలో వస్తాయి. ఒకే జవాబు పదిసార్లు రాసి విసుగొచ్చి ఇలా ఒకచోట చేర్చాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. ఏ జవాబుకా జవాబు విడిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన చోటి నుంచి చదువుకోవచ్చు. ఇక్కడ మాట్లాడేది మంచినీటిలో బతికే, కంటికి కనిపించని ఆకుపచ్చ శైవలాల గురించే.

## మొదలుపెట్టే ముందు

నాకు దొరికింది నిజంగా కొత్త జాతేనా? ఎలా తెలుస్తుంది?

మొదటి రోజు తెలియదు, మొదటి నెలలోనూ తెలియదు. ఇప్పటిదాకా పేరు పెట్టిన వాటిలో ఇది ఏదీ కాదని చూపించగలిగితేనే కొత్తది. అందుకని ముందు ప్రజాతి (జీనస్, అంటే దగ్గరి జాతుల గుంపు) ఏదో తేల్చుకోండి. తరువాత ఆల్గేబేస్ అనే ఆన్‌లైన్ శైవలాల జాబితాలో ఆ ప్రజాతి కింద ఉన్న జాతులన్నిటినీ, వాటి పర్యాయనామాలతో (అదే జాతికి పెట్టిన వేరే పేర్లతో) సహా జాబితా రాసుకోండి. ఒక్కొక్కదాని మొదటి వర్ణన సంపాదించి చదవండి. మధ్యలో ఎవరో రాసిన సారాంశం చాలదు. పాత వర్ణనలు లాటిన్‌లోనో జర్మన్‌లోనో రెండు వాక్యాలు, ఒక బొమ్మతో సరిపెట్టి ఉంటాయి. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. చాలా "కొత్త జాతులు" ఈ దశలోనే పాతవైపోతాయి, అది మంచిదే.

ఎంత వెనక్కి వెళ్లాలన్నదానికి హద్దు ఉంది. శైవలాలకు సాధారణంగా లెక్క 1753 మే 1 నుంచి, అంటే లిన్నేయస్ నుంచి మొదలవుతుంది. డెస్మిడియేసీ కుటుంబానికి 1848, ఈడోగోనియేసీకి 1900. అంతకు ముందు వాడిన పేర్లకు నియమాల (శైవలాలు, శిలీంధ్రాలు, మొక్కల పేర్లకు ఉన్న అంతర్జాతీయ నియమావళి) దృష్టిలో విలువ లేదు.

ఆకుపచ్చగా ఉంది కదా, ఆకుపచ్చ శైవలమే అనుకోవచ్చా?

రంగును నమ్మకండి. నీలి ఆకుపచ్చ శైవలాలుగా పిలిచే సయనోబాక్టీరియా అసలు బాక్టీరియాలే, వాటిలో క్లోరోప్లాస్ట్ ఉండదు. యూగ్లీనా పచ్చగానే ఉన్నా స్టార్చ్ నిల్వ చేసుకోదు. జాంథోఫైట్లు అనే పసుపుపచ్చ శైవలాలూ అంతే. తేలికైన పరీక్ష ఒకటుంది. స్లైడ్ అంచున ఒక చుక్క ల్యూగాల్ అయోడిన్ వదలండి. క్లోరోప్లాస్ట్ లోపల, ముఖ్యంగా పైరినాయిడ్ (క్లోరోప్లాస్ట్‌లో ఉండే ప్రోటీన్ ముద్ద) చుట్టూ నల్లబారితే అది స్టార్చ్, అంటే మీరు దారిలోనే ఉన్నారు. నల్లబారకపోతే తొందరపడి కొట్టేయకండి. ఆకలితో ఉన్న కల్చర్‌ను (ల్యాబులో పెంచుతున్న శైవలాన్ని) కొంతసేపు మంచి వెలుతురులో ఉంచి మళ్లీ చూడండి.

కొలతల్లో ఒకటి రెండు మైక్రాన్ల తేడా ఉంది. అది చాలదా?

చాలదు. కణం వయసు, వెలుతురు, పోషకాలు మారితే అంత తేడా ఒకే ట్యూబులోనే కనిపిస్తుంది.

నీటి నమూనా తెచ్చుకోవడానికి కూడా అనుమతి కావాలా?

చాలా దేశాల్లో కావాలి. జన్యు వనరులను వాడుకోవడంపై నగోయా ప్రొటోకాల్ 2010లో ఆమోదం పొంది 2014 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది. దాన్ని అనుసరించే దేశాల చట్టాల్లో సూక్ష్మజీవులూ వస్తాయి. దేశం దాటించి కల్చర్ పంపాలన్నా, విదేశీ కల్చర్ కలెక్షన్‌లో దాచాలన్నా ఈ కాగితాలే అడుగుతారు. అన్నీ అయ్యాక వెనక్కి వెళ్లి అనుమతి తెచ్చుకోవడం కంటే సీసా ముంచకముందే తెచ్చుకోవడం నయం.

## నమూనా, కల్చర్

నీళ్లు ఎలా తెచ్చుకోవాలి?

మూడు భాగాలు చేయండి. ఒకటి ప్రాణంతో, సీసా నిండా నింపకుండా, చల్లగా, నీడలో. ఒకటి ల్యూగాల్‌తో స్థిరపరచి. ఒకటి డీఎన్ఏ కోసం వడపోసి ఫ్రీజర్‌లో. ఫార్మలిన్‌లో వేసిన నమూనా నుంచి తరువాత డీఎన్ఏ తీయడం నరకం. చోటు అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నీటి ఉష్ణోగ్రత, పీహెచ్ అక్కడికక్కడే రాసుకోండి. ప్రచురణలో టైప్ (కొత్త పేరుకు శాశ్వత ఆధారంగా దాచే నమూనా) దొరికిన చోటు రాయాలి. "ఏదో చెరువు, వర్షాకాలం" అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు.

కల్చర్ లేకుండా నేరుగా నీళ్లలో చూసిన కణంతో వర్ణించలేనా?

నియమాల ప్రకారం చెయ్యొచ్చు. డెస్మిడ్లు, పెడియాస్ట్రమ్ లాంటి నగిషీ ఉన్న వాటికి ఇప్పటికీ కొందరు అలా చేస్తున్నారు. కానీ గుండ్రటి, నున్నటి ఆకుపచ్చ బంతి విషయంలో అది దాదాపు వృథా శ్రమ. నీటి చుక్కలో పక్కపక్కనే ఉన్న రెండు బంతులు ఒకే జీవి రెండు దశలా, రెండు తరగతులకు చెందిన జీవులా అన్నది చూసి చెప్పలేం. దాని జీవితచక్రం చూడాలన్నా, డీఎన్ఏ తీయాలన్నా ఒకే కణం నుంచి పెరిగిన కల్చర్ ఉండాలి.

ఒక్క కణాన్ని వేరు చేయడం ఎలా? ఎప్పుడు చేసినా రెండు మూడు కలిసే వస్తున్నాయి.

గాజు పైపెట్‌ను మంట మీద సాగదీసి సన్నని మొన తయారు చేసుకోండి. ఇన్వర్టెడ్ మైక్రోస్కోప్ కింద ఒక కణాన్ని పీల్చి శుభ్రమైన మీడియం (పోషక ద్రావణం) చుక్కలోకి, అక్కడి నుంచి ఇంకో చుక్కలోకి, ఇలా అయిదారు చుక్కలు దాటించండి. చివరి చుక్కలో ఒక్కటే ఉందని కంటితో చూశాకే ట్యూబులో వేయండి. చెయ్యి వణికేవాళ్లకు అగర్ ప్లేటు మీద లూప్‌తో గీతలు గీయడం సుఖం. విడిగా వచ్చిన చిన్న కాలనీని తీసి మళ్లీ గీయండి, ఇంకోసారి గీయండి. మొదటి ప్లేటు మీద ఒంటరిగా కనిపించే కాలనీ రెండు కణాల నుంచి కూడా పుట్టి ఉండొచ్చు. కదిలే కణాలైతే ఒకవైపు నుంచి వెలుతురు పెట్టండి, వాటంతటవే ఆ వైపుకి ఈదుకుంటూ వస్తాయి.

ఏ మీడియం వాడాలి?

మొదట బోల్డ్ బేసల్ మీడియం, అంటే బీబీఎం. బీజీ-11లోనూ చాలావరకు పెరుగుతాయి. పోషకాలు తక్కువగా ఉన్న తేటనీటి నుంచి తెచ్చినవైతే బీబీఎంను పలచన చేసి వాడండి. చిక్కటి మీడియంలో అవి మొహం మొత్తినట్టు ముడుచుకుపోతాయి. ఉష్ణోగ్రత 18 నుంచి 22 డిగ్రీలు, వెలుతురు మితంగా. డయాటమ్‌లు కమ్మేస్తుంటే కొద్దిగా జెర్మేనియం డయాక్సైడ్ కలిపితే ఆగుతాయి.

కల్చర్‌లో బాక్టీరియా ఎంతకీ వదలడం లేదు. టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ వద్దు. కొత్త జాతిని వర్ణించడానికి బాక్టీరియా పూర్తిగా పోవాల్సిన పని లేదు. ఇంకో శైవలం కలవకుండా ఉంటే చాలు. కొన్ని శైవలాలకు పక్కనున్న బాక్టీరియా నుంచే విటమిన్ బీ12 అందుతుంది, దాన్ని తీసేస్తే మీ శైవలమే చచ్చిపోవచ్చు.

ఒక్క స్ట్రెయిన్ చాలా?

స్ట్రెయిన్ అంటే ఒకే కణం నుంచి పెంచిన కల్చర్. నియమాలు ఒక్కటే అడుగుతాయి. సమీక్షకులు మాత్రం ఇంకోటి లేదా అని అడుగుతారు, నేనైనా అడుగుతాను. వేరే చోటి నుంచి, వేరే కాలంలో అదే జీవి మళ్లీ దొరికితే జాతి లోపలి వైవిధ్యం ఎంతో తెలుస్తుంది. ఇంకో మాట. ఉన్న ఒక్క స్ట్రెయిన్‌ను ఒక్క ట్యూబులో ఉంచకండి. నా మొదటిది అలాగే ఒకే ట్యూబులో ఉంచుకున్నాను. వారం సెలవు పెట్టి వచ్చేసరికి ఏసీ ఆగిపోయి కల్చర్ తెల్లగా పాలిపోయింది. ఆ కణం మళ్లీ దొరకలేదు.

## మైక్రోస్కోప్ దగ్గర

ఏమేం చూడాలి? నాకు అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

కణం పిల్లగా పుట్టి, పెరిగి, విడిపోయే దాకా వెంట ఉండండి. మొదటి చూపులో కనిపించిన ఆకారానికి పెద్ద విలువ లేదు. 100 రెట్ల ఆయిల్ లెన్స్, డీఐసీ (పారదర్శకమైన కణాన్ని ఉబ్బెత్తుగా చూపించే అమరిక) ఉంటే ఇంకా మంచిది. క్లోరోప్లాస్ట్ గిన్నెలా ఉందా, పట్టీలా ఉందా, నక్షత్రంలా ఉందా, గోడకు ఆనుకుందా, మధ్యలో ఉందా? పైరినాయిడ్ ఉందా, ఒకటా ఎన్నా? దాని చుట్టూ స్టార్చ్ తొడుగు ఒకటే ముక్కా, రెండు చిప్పలా, చాలా పలుకులా? ఫోకస్‌ను పైనుంచి కిందికి నెమ్మదిగా కదుపుతూ చూస్తేనే క్లోరోప్లాస్ట్ ఆకారం మనసులో నిలబడుతుంది.

విడిపోవడం ముఖ్యం. తల్లికణం లోపల ఎన్ని ఆటోస్పోర్లు (కదలని పిల్లకణాలు) ఏర్పడ్డాయి, రెండా నాలుగా ఎనిమిదా? అన్నీ ఒకే పరిమాణమా? తల్లి కణకవచం ఎలా చీలింది, ముక్కలు అక్కడే అతుక్కుని ఉన్నాయా? కదిలే జూస్పోర్లు వస్తున్నాయా? ఇవి తాజా మీడియంలోకి మార్చిన మొదటి రోజుల్లో బాగా కనిపిస్తాయి. ముసలి కల్చర్‌లో నూనె బొట్లు, ఎర్రటి రంగు చేరుతాయి. అదీ రాసుకోండి, కానీ దాన్నే లక్షణంగా పట్టుకోకండి.

చుట్టూ జిగురు పొర ఉందో లేదో మామూలు వెలుతురులో తెలియదు. చుక్క ఇండియన్ ఇంక్ కలపండి, నల్లటి నేపథ్యంలో కణం చుట్టూ తెల్లటి వలయం తేలుతుంది.

ఎన్ని కణాలు కొలవాలి?

ప్రతి దశలోనూ కనీసం 30. పిల్లకణాలూ ముదురుకణాలూ కలిపి సగటు చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు.

చెరువు నీళ్లలో నాలుగు కణాలు కలిసి ముళ్లతో ఉంది. కల్చర్‌లో ముళ్లు లేవు, కణాలు విడివిడిగా ఉన్నాయి. కల్చర్ పాడైందా?

పాడవలేదు, నిశ్చింతగా ఉంది. సెనెడెస్మస్, డెస్మోడెస్మస్ జాతుల్లో ఇది బాగా తెలిసిన విషయం. తినేవాళ్లు లేని చోట అవి ఒంటికణాలుగా బతికేస్తాయి. డాఫ్నియా (శైవలాలను తినే చిన్న నీటి జీవి) ఉన్న నీళ్లను వడపోసి, డాఫ్నియా లేకుండా ఆ నీళ్లు మాత్రమే పోసినా మళ్లీ కాలనీలు కడతాయి, ఎందుకంటే ఆ నీటిలో శత్రువు వదిలిన రసాయనాలు ఉంటాయి. మైక్రాక్టినియమ్ అయితే బ్రాకియోనస్ అనే రోటిఫర్‌ను (శైవలాలను తినే ఇంకో సూక్ష్మ నీటి జీవిని) పెంచిన నీళ్లు తగిలితే చాలు, నున్నటి బంతి కాస్తా పొడవాటి ముళ్లు మొలిపించుకుంటుంది. ముళ్లు లేనప్పుడు దాన్ని చూసి ఎవరైనా క్లోరెల్లా అనే అంటారు.

అందుకే చెరువులో చూసిన రూపం, కల్చర్‌లో చూసిన రూపం రెండూ వర్ణనలో రాయండి. ఏ పరిస్థితిలో ఏది వచ్చిందో చెప్పండి. ముళ్లు ఉన్నాయి, లేవు అన్న ఒక్క తేడాతో కొత్త జాతి పెట్టేశారా, అది ఎక్కువ కాలం నిలవదు.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పనిసరా?

నియమాల్లో లేదు. కణకవచం మీద నగిషీ ఉన్న జాతులకు స్కానింగ్ బొమ్మ లేకపోతే సమీక్షకులు ఒప్పుకోవడం కష్టం. పైరినాయిడ్ లోపలికి థైలకాయిడ్ పొరలు ఎలా వెళ్తున్నాయో చూడాలంటే ట్రాన్స్‌మిషన్ రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ తప్పదు. మిగతా చోట ఆ డబ్బు ఇంకో రెండు స్ట్రెయిన్ల సీక్వెన్సింగ్‌కు పెడితే లాభం ఎక్కువ.

ఫొటోలు ఉండగా చేత్తో బొమ్మ గీయడం ఎందుకు?

ఫొటో ఒక్క లోతునే పట్టుకుంటుంది. బొమ్మలో మీరు ఫోకస్ మారుస్తూ చూసిందంతా ఒకచోట చేరుతుంది. గీయడానికి కూర్చుంటేనే చూడనిదేమిటో తెలుస్తుంది కూడా.

## డీఎన్ఏ దగ్గర

డీఎన్ఏ పని లేకుండా ఈ రోజుల్లో కుదరదా?

నియమాలు డీఎన్ఏ అడగవు. కానీ ఆకుపచ్చ బంతుల చరిత్ర చూస్తే ఎందుకు కావాలో అర్థమవుతుంది. డచ్ శాస్త్రవేత్త బైయెరింక్ 1890లో క్లోరెల్లా వల్గారిస్‌కు పేరు పెట్టాక, గుండ్రంగా, చిన్నగా, ఏ అలంకారమూ లేకుండా ఉన్నవాటినన్నిటినీ జనం క్లోరెల్లా సంచిలో వేశారు. డీఎన్ఏ చూశాక ఆ సంచి చిరిగిపోయింది. క్లోరెల్లా ఎలిప్సాయిడియా ఇప్పుడు క్లోరాయిడియం. క్లోరెల్లా ప్రోటోథీకాయిడెస్ ఇప్పుడు ఆక్సీనోక్లోరెల్లా. క్లోరెల్లా జోఫింజియెన్సిస్ క్రోమోక్లోరిస్‌గా ఏకంగా వేరే తరగతికి వెళ్లిపోయింది. ఇటు చూస్తే కాలనీలు కట్టే డిక్టియోస్ఫేరియం రూపాలు కొన్ని అసలైన క్లోరెల్లాకు దగ్గరి చుట్టాలని తేలాయి. అంటే బంతి ఆకారం చాలా వంశాల్లో విడివిడిగా వచ్చింది. క్లామిడోమోనాస్ కథా ఇంతే.

ఏ జన్యువులు చదివించాలి?

18ఎస్ ఆర్ఆర్ఎన్ఏ (రైబోజోమ్ జన్యువు), దాని వెనకే ఉండే ఐటీఎస్1, 5.8ఎస్, ఐటీఎస్2 ముక్కలు. ఇవి ఉంటే మొదలుపెట్టవచ్చు. క్లోరోప్లాస్ట్ వైపు నుంచి ఆర్‌బీసీఎల్ లేదా టఫ్ఏ జన్యువు ఒకటి చేర్చండి. కణకేంద్రకం, క్లోరోప్లాస్ట్ రెండూ ఒకే చెట్టు (వంశవృక్షం) చూపిస్తే మీ మాటకు బలం వస్తుంది.

పీసీఆర్‌లో 18ఎస్ ముక్క అనుకున్నదానికంటే పొడవుగా వస్తోంది. కలుషితమైందా?

అయ్యుండొచ్చు, కానీ ముందు ఇంట్రాన్ (జన్యువు మధ్యలో చేరిన అదనపు ముక్క) గురించి ఆలోచించండి. ఆకుపచ్చ శైవలాల 18ఎస్‌లో గ్రూప్-1 ఇంట్రాన్లు తరచుగా కనిపిస్తాయి. మామూలుగా దాదాపు 1,800 బేస్‌లు ఉండాల్సింది కొన్ని వందలు పెరుగుతుంది. సీక్వెన్స్ చేసి ఆ ముక్కను గుర్తించి, చెట్టు గీసేముందు తీసేయండి. అసలు బ్యాండే రాకపోతే తప్పు సాధారణంగా కణకవచానిది. గాజు పూసలతో గట్టిగా గిలకొట్టందే ఆ గోడలు పగలవు.

18ఎస్ 99.8 శాతం కలిసింది. అయితే పాత జాతే కదా?

అలా చెప్పలేం. 18ఎస్ చాలా నెమ్మదిగా మారుతుంది, వేర్వేరు జాతులకు, ఒక్కోసారి వేర్వేరు ప్రజాతులకు కూడా దాదాపు ఒకటే ఉంటుంది. ఇంత శాతం దాటితే కొత్త జాతి అనే గీత ఆకుపచ్చ శైవలాలన్నిటికీ పనిచేసేది లేదు. మీ గుంపులో ఒప్పుకున్న జాతుల మధ్య ఎంత తేడా ఉందో, ఒకే జాతి స్ట్రెయిన్ల మధ్య ఎంత ఉందో లెక్క తీయండి. మీది ఎక్కడ పడుతుందో చూడండి. బ్లాస్ట్‌లో (మీ డీఎన్ఏ వరుసను ఆన్‌లైన్‌లో జమ అయినవాటితో పోల్చే పనిముట్టు) పైన వచ్చిన పేరును కూడా గుడ్డిగా నమ్మకండి, దాన్ని జమ చేసినవాళ్లు పేరు తప్పు పెట్టి ఉండొచ్చు.

సీబీసీ అని అందరూ అంటున్నారు. ఏమిటది?

ఐటీఎస్2 ఆర్ఎన్ఏ మడతపడి నాలుగు కాడల చెయ్యిలా నిలబడుతుంది. కాడల్లో ఎదురెదురు బేస్‌లు జత కడతాయి. ఒక జాతిలో ఏ-యూ జత ఉన్నచోట ఇంకో జాతిలో జీ-సీ ఉందనుకోండి, అంటే రెండు వైపులా మార్పు జరిగి జత మాత్రం నిలిచింది. దాన్నే పరిహార బేస్ మార్పు, పొట్టిగా సీబీసీ అంటారు. ఒకవైపే మారితే హెమీ-సీబీసీ. శైవల శాస్త్రవేత్త అనెట్ కోల్‌మన్ కలయిక ప్రయోగాలతో పోల్చి చూసి, సీబీసీ ఉన్న జీవుల మధ్య లైంగిక కలయిక జరగడం లేదని చూపించారు.

దీన్ని జనం అతిగా వాడతారు. సీబీసీ ఉంటే వేరే జాతి అనడానికి మంచి ఆధారం. లేకపోతే ఒకే జాతి అని మాత్రం రుజువు కాదు. మడత సరిగ్గా వచ్చిందో లేదో కూడా చూసుకోవాలి. రెండో కాడలో యూ-యూ జతకలవని చోటు, పొడవాటి మూడో కాడ చివరకు దగ్గరలో యూజీజీయూ ఉంటే మీ మడత బాగానే ఉన్నట్టు.

డీఎన్ఏలో స్పష్టంగా వేరు. కంటికి మాత్రం ఏ తేడా లేదు. పేరు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. డీఎన్ఏలో ఫలానా స్థానంలో ఫలానా బేస్ అని భేదాన్ని మాటల్లో రాయొచ్చు. కానీ డీఎన్ఏ వరుస ఒక్కటే టైప్‌గా చెల్లదు, బొమ్మ కూడా ఉండాల్సిందే.

## పేరు, టైప్

పేరు ఎలా ఎంచుకోవాలి? మా గురువుగారి పేరు పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. వ్యక్తి పేరును లాటిన్ పద్ధతిలోకి మార్చాలి, పురుషులకు, స్త్రీలకు అంత్యాలు వేరు. సొంత పేరు పెట్టుకోవడాన్ని నియమాలు ఆపవు, చూసేవాళ్లు నవ్వుతారంతే. లక్షణాన్ని బట్టి పెట్టే పేర్లే నాకు ఇష్టం, పేరు చదివితే జీవి కొంత కనిపిస్తుంది. విశేషణమైతే ప్రజాతి లింగంతో కలవాలి. డెస్మోడెస్మస్ పుంలింగం, క్లోరెల్లా స్త్రీలింగం, మోనోరాఫిడియం నపుంసకం. అందుకే చిన్నది అనే మాట వరసగా మినుటస్, మినుటా, మినుటమ్ అవుతుంది. జంతువుల్లో లాగా ప్రజాతి పేరునే జాతికి మళ్లీ వాడటం ఇక్కడ కుదరదు.

వర్ణన లాటిన్‌లో రాయాలా?

అక్కర్లేదు. శైవలాలకు 1958 జనవరి 1 నుంచి 2011 చివరి దాకా లాటిన్ తప్పనిసరిగా ఉండేది. 2012 జనవరి 1 నుంచి లాటిన్ గానీ ఇంగ్లిష్ గానీ చాలు. ఇంకే భాషలోనైనా వ్యాసం రాసుకోండి, ఆ ఒక్క పేరా మాత్రం ఈ రెండిట్లో ఒకదానిలో ఉండాలి.

బతికున్న కల్చర్‌నే హోలోటైప్ అని రాసేశాను. తప్పా?

తప్పే, ఈ ఒక్క తప్పుతో చాలా పేర్లు చెల్లకుండా పోయాయి. హోలోటైప్ అంటే పేరు పెట్టినవాళ్లే ఎంచుకున్న ఒకే ఒక్క టైప్. టైప్ మార్పు లేకుండా నిలవాలి, బతికున్నది మారుతూ ఉంటుంది. కల్చర్‌ను అతిశీతలంలో గడ్డకట్టించి గానీ, ఆ స్థితిలోనే ఎండబెట్టి గానీ జీవక్రియలు ఆగిన స్థితిలో దాచితే దాన్ని టైప్‌గా పెట్టొచ్చు. ఆ మాట వ్యాసంలో స్పష్టంగా రాయాలి. లేదంటే ఎండబెట్టిన నమూనా, రెసిన్‌లో పొదిగిన కణాలు, శాశ్వత స్లైడ్ ఇవ్వొచ్చు. నమూనాను దాచడం సాంకేతికంగా కష్టమైన సూక్ష్మ శైవలాలకు అచ్చయిన బొమ్మను కూడా టైప్‌గా పెట్టడానికి నియమాలు ఒప్పుకుంటాయి.

"హోలోటైప్" అనే మాటో దానికి సమానమైన మాటో రాయాలి. అది ఏ ఒక్క సంస్థలో ఉందో చెప్పాలి. రెండు చోట్ల ఉందంటే చిక్కు.

మరి బతికున్న స్ట్రెయిన్‌ను ఏం చెయ్యాలి?

కనీసం రెండు కల్చర్ కలెక్షన్లకు ఇవ్వండి. జర్మనీలో ఎస్‌ఏజీ, స్కాట్లండ్‌లో సీసీఏపీ, అమెరికాలో యూటెక్స్, జపాన్‌లో ఎన్‌ఐఈఎస్, చెక్ దేశంలో సీసీఏఎల్ఏ పేరున్నవి. బైయెరింక్ 1889లో వేరు చేసిన క్లోరెల్లా వల్గారిస్ స్ట్రెయిన్ ఎస్‌ఏజీ 211-11బీ పేరుతో ఇప్పటికీ బతికే ఉంది. ఆయన చూసిన జీవినే మనం తెప్పించుకుని, ఆయన ఊహించని జన్యువులు చదవగలుగుతున్నామంటే దాన్ని తరతరాలుగా ట్యూబు మార్చి ట్యూబులో పెంచిన చేతుల పుణ్యమే.

## ప్రచురణ, ఆ తరువాత

వ్యాసంలో ఏది లేకపోతే పేరు చెల్లదు?

లాటిన్ లేదా ఇంగ్లిష్ వర్ణన, లేదా ఇతర జాతుల నుంచి భేదం చెప్పే డయాగ్నోసిస్. లక్షణాలు చూపించే బొమ్మ. టైప్, అది ఉన్న సంస్థ. ఇవన్నీ అసలు వ్యాసంలోనే ఉండాలి, అనుబంధ ఫైల్లో దాచకండి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే ఐఎస్‌ఎస్‌ఎన్ లేదా ఐఎస్‌బీఎన్ ఉన్న పీడీఎఫ్‌గా రావాలి, ఇది కూడా 2012 నుంచే చెల్లుతోంది.

థీసిస్‌లో పేరు రాసేశాను. ఇక పేరు ఖాయమైనట్టేనా?

సాధారణంగా కాదు. పేర్లను ప్రచురించే ఉద్దేశంతోనే వెలువరించామని స్పష్టమైన మాట గానీ, ఐఎస్‌బీఎన్ లాంటి ఆధారం గానీ లేని థీసిస్ నియమాల దృష్టిలో ప్రచురణ కాదు. అందుకే థీసిస్‌లో అసలు పేరు బయట పెట్టకుండా స్ట్రెయిన్ నంబరుతో నడిపించడం తెలివి.

ఫైకోబ్యాంక్‌లో నమోదు తప్పనిసరా?

శిలీంధ్రాలకు నమోదు 2013 నుంచి తప్పనిసరి. శైవలాలకు ఫైకోబ్యాంక్ (శైవలాల కొత్త పేర్లు నమోదు చేసే చోటు) నమోదు స్వచ్ఛందం, కానీ చేయించండి. చాలా పత్రికలు ఆ నంబరు అడుగుతాయి. డీఎన్ఏ వరుసలను జెన్‌బ్యాంక్‌లో (వరుసలు దాచే ఆన్‌లైన్ భాండాగారం) స్ట్రెయిన్ నంబరుతో జమ చేసి, వ్యాసం రాగానే "ఎస్‌పీ." (జాతి పేరు ఇంకా లేదు) అని ఉన్నచోట కొత్త పేరు వేయించడం మరిచిపోకండి. అందరూ మరిచిపోయేది ఇదే.

ఏ పత్రికకు పంపాలి?

ఫైటోటాక్సా, ఫోటియా, ఫైకోలోజియా, యూరోపియన్ జర్నల్ ఆఫ్ ఫైకాలజీ, జర్నల్ ఆఫ్ ఫైకాలజీ. ఒక్క జాతి, ఒక్క స్ట్రెయిన్ అయితే మొదటి రెండింట్లో ప్రయత్నించండి.

నేను పెట్టిన పేరు తరువాత పాత జాతేనని తేలితే?

పాత పేరుకే ప్రాధాన్యం ఉంటుంది, మీది పర్యాయనామంగా జాబితాలో ఉండిపోతుంది. అది అవమానమేమీ కాదు. మీ కల్చర్, మీ వరుసలు, మీ బొమ్మలు ఆ పాత జాతి గురించి అంతకుముందు లేని సమాచారం. ఒక పాత బొమ్మ తప్ప టైప్ ఏదీ మిగలని జాతి అయితే, దాని అర్థం స్థిరపరచడానికి మీ స్ట్రెయిన్ నుంచి తీసిన నమూనానే ఎపిటైప్‌గా (పాత టైప్‌కు తోడుగా పెట్టే వివరణ నమూనాగా) ఎంచుకునే వీలుంది. అందుకని పేరు పోయిందని ట్యూబులు పారేయకండి.